మీటరు దాకా మున్సిపాలిటీది

చురుకుపాలెంలో తెలివికి కరువు లేదు. కావాలంటే ఆ ఊరి వాళ్ళనే అడగండి, చేతిలో పని పక్కన పడేసి మరీ చెబుతారు. ఇంత తెలివీ ఎక్కడ పోగుపడిందయ్యా అంటే, బజారు మధ్యనున్న మున్సిపల్ ఆఫీసులో.

"పక్క ఊరి వాళ్ళు ప్రతిదానికీ బుర్ర వాడి వాడి అరగదీసుకుంటారు. మనం రూలు ప్రకారం పోతాం. అందుకే మన బుర్రలు కొన్నప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి" అనేవారు చైర్మన్ వీరభద్రం గారు. ఆ మాటకి మెంబర్లంతా బల్లలు చరిచేవారు. చైర్మన్ గారు మాట్లాడితే బల్లలు చరచాలని అక్కడ రూలు. ఆయన ఓసారి "అయ్యో, మా అత్తగారికి జ్వరం" అన్నా చరిచారు. పాపం, ఆవిడ పక్కగదిలోనే ఉంది.

ఆ ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా రోడ్డుకి అవతల మాణిక్యం పెసరట్ల కొట్టు. ఆవిడ అట్టు వేస్తే అంచు కరకరలాడాలి, మధ్య మెత్తగా ఉండాలి, అల్లం వాసన బస్టాండు దాకా పోవాలి. ఆ పెనం కాలితేనే ఆ ఇంట్లో అందరి నోళ్ళూ ఆడేది. అందుకే ఆవిడ పెనాన్ని కొట్లో వదిలేది కాదు. రోజూ సాయంత్రం చంకన పెట్టుకుని ఇంటికి తీసుకుపోయి, పొద్దున్నే పిండిగిన్నెతో పాటు తెచ్చుకునేది.

అలాంటి మాణిక్యానికి ఓ మంగళవారం పొద్దున్న నీళ్ళ గొట్టం పగిలింది. పగిలితే పగిలింది, ఎక్కడో ఓ పక్కన పగలొచ్చు కదా? సరిగ్గా కొట్టు ముందు మీటరు బిగించిన కీలు దగ్గర పగిలింది. నీళ్ళు బుస్సుమని చిమ్ముతున్నాయి, లోపల కుళాయి తిప్పితే మాత్రం చుక్క లేదు. శుక్రవారం నాటికి హోటలు లైసెన్సు తిరగరాయించుకోవాలి. కుళాయి తిప్పితే నీళ్ళు రాని కొట్టుకి లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేని కొట్టుకి సీలు వేస్తారు. మాణిక్యం పెనం అలా పొయ్యి మీదే వదిలేసి ఆఫీసుకి పరిగెత్తింది.

గేటు దగ్గర 'ఆలోచించి లోపలికి రావలెను' అని బోర్డుంది. దాని కింద ఫిట్టరు గవర్రాజు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆలోచించావా అక్కా?"

"ఏం ఆలోచించాలిరా?"

"అది రాయలేదక్కా. ఏదో ఒకటి ఆలోచించు. ఊరికే పంపిస్తే నన్ను తిడతారు."

మాణిక్యం కళ్ళు మూసుకుంది. "చట్నీలో ఉప్పేశానో లేదో ఆలోచించాను. చాలా?"

"వేశావా మరి?"

"ఒరే, నా గొట్టం పగిలిందిరా!"

"అది గొట్టం గురించి. నేను ఉప్పు గురించి అడుగుతున్నాను" అన్నాడు గవర్రాజు. వేశానని ఒట్టేస్తే గానీ వదల్లేదు.

లోపల చైర్మన్ గారు అంతా విన్నారు. పక్కనే ఉన్న మెంబరు నాంచారమ్మ గారు కూడా విన్నారు. ఆవిడకి రూళ్ళన్నీ కంఠతా వచ్చు. అర్థాలే రావు.

"వీధి గొట్టం నుంచి మీటరు దాకా మున్సిపాలిటీది. మీటరు దాటాక ఇంటివాళ్ళది" అని నాంచారమ్మ గారు పద్యంలా అప్పజెప్పారు.

"మరి పగులు మీటరు దగ్గరే ఉందండీ. సగం అటు, సగం ఇటు" అంది మాణిక్యం.

చైర్మన్ గారు నవ్వారు. "ఇంత చిన్న విషయానికి ఏడుస్తావేమ్మా! మా సగం మేం చూసుకుంటాం. ఒరే గవర్రాజూ, ఎంతవరకు మనదో అంతవరకే ముయ్యి. అవతలివాళ్ళ ఆస్తి ముట్టుకున్నావంటే ఊరుకోను."

అంతే. గవర్రాజు వచ్చాడు, మీటరు దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు, గీతకి వీధి వైపున్న సగం పగులుకి నున్నగా మైనం పెట్టి మూసేశాడు, చేతులు దులుపుకున్నాడు. ఇంకేముంది! అంతదాకా రెండు వైపులా చిమ్మే నీళ్ళు ఇప్పుడు ఒక్కవైపే చిమ్మాయి. ఆ ఒక్క వైపు మాణిక్యం కొట్టు. పొయ్యి ఆరింది, కట్టెలు తడిశాయి, బల్ల మీద కూర్చుని అట్టు తింటున్న పంతులుగారు తడిసి ముద్దయిపోయారు.

"ఇదేం బాగుచెయ్యడంరా!" అని మాణిక్యం నెత్తి బాదుకుంది.

"మా వైపు చుక్క కారడంలేదక్కా, చూస్కో. కారేదంతా నీ సొంతం" అన్నాడు గవర్రాజు ఎంతో మర్యాదగా.

సరే, వీళ్ళతో పెట్టుకుంటే పని కాదని మాణిక్యం పాత సైకిలు ట్యూబు ఒకటి తెచ్చింది. పొడుగ్గా కోసి, పళ్ళు బిగబట్టి, గొట్టం చుట్టూ గట్టిగా చుట్టి కట్టింది. కారడం ఆగింది. కుళాయి తిప్పితే నీళ్ళు జలజలా వచ్చాయి. అమ్మయ్య అనుకుని, దేవుడికి ఓ దణ్ణం పెట్టుకుని, మళ్ళీ పొయ్యి అంటించింది.

మర్నాడు మొదటి అట్టు ఇంకా తిరగెయ్యకముందే డప్పు చప్పుడు. చూస్తే ముందు చైర్మన్ గారు, వెనక నాంచారమ్మ గారు, ఆ వెనక మెంబర్లు, గునపాలు, తట్టలు, అన్నిటికీ వెనక డప్పువాడు.

"ఏమైందండీ?" అంది మాణిక్యం.

"ఆక్రమణ!" అన్నారు నాంచారమ్మ గారు గొట్టం వైపు వేలు చూపించి. "నీ ట్యూబు గీత దాటి వేలెడు మేర మా గొట్టం మీదికొచ్చేసింది. ఇవాళ వేలెడు అంటావు, రేపు జానెడు అంటావు, ఎల్లుండి ఊరి గొట్టాలన్నిటికీ నీ ట్యూబు చుట్టేస్తావు."

"అమ్మా, వేలెడు అటు చుట్టకపోతే అది నిలవదమ్మా!"

"అందరూ చెప్పే మాట ఇదే" అన్నారు చైర్మన్ గారు బాధగా. "రోడ్డు మీదికి మెట్లు కట్టినవాడూ ఇదే అన్నాడు. ఒరే గవర్రాజూ, కానియ్యి."

గవర్రాజు బ్లేడుతో ట్యూబు గీత వరకు చక్కగా కోశాడు. కొయ్యగానే మిగతాది కూడా ఊడి ఎగిరి అవతల పడింది. గవర్రాజు నిన్న పెట్టిన మైనం దాని వెనకే పోయింది. నీళ్ళు తాడెత్తున లేచి చైర్మన్ గారి తలపాగా మీద, డప్పు మీద, మెంబర్లందరి మీదా వానలా కురిశాయి. చైర్మన్ గారు మొహం తుడుచుకుని, "చూశారా! ఆక్రమణ తీసెయ్యగానే నీళ్ళు ఎంత హాయిగా వస్తున్నాయో" అన్నారు. అందరూ చరచబోయారు గానీ బల్లలు తేలేదు. ఒకళ్ళ వీపులొకళ్ళు చరుచుకున్నారు.

మాణిక్యానికి తల ప్రాణం తోకకొచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ సాయంత్రమే పుల్లేశం ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు ఇచ్చాడు. పుల్లేశానిది మున్సిపల్ ఆఫీసు పక్కనే ఉప్మా హోటలు. అతని ఉప్మాలో గరిటె నిలబెడితే నిలబడిపోయేది. అందుకని జనం అంతా అవతలి వైపుకే పోయేవాళ్ళు. అదీ అతని కడుపుమంట.

"అయ్యా, మాణిక్యం లైసెన్సు అట్లకి. ఉప్మాకి కాదు. అయినా అట్టు లోపల ఉప్మా పెట్టి అమ్ముతోంది" అన్నాడు పుల్లేశం.

చైర్మన్ గారు అదిరిపడ్డారు. "లోపలా! పైకి కనపడకుండానా!"

వెంటనే విచారణ పెట్టారు. మాణిక్యాన్ని పిలిచి ఉప్మా పెసరట్టు ఒకటి వేయించి తెప్పించారు. నాంచారమ్మ గారు అట్టు మడత విప్పి చూశారు. నిజమే, లోపల ఉప్మా ఉంది. అయితే ఒక్క అట్టు చూసి మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదు కదా! ఇంకోటి తెప్పించారు. దాంట్లోనూ ఉంది. ప్రతి మెంబరూ తన కళ్ళతో చూడాలన్నాడు. చూసింది పారెయ్యడం పాపం కాబట్టి తిన్నారు. "నాదాంట్లోనూ ఉందండోయ్" అని నోటినిండా పెట్టుకుని ఒక్కొక్కళ్ళూ సాక్ష్యం చెప్పారు. చైర్మన్ గారు మాత్రం అనుమానం తీరక మళ్ళీ మళ్ళీ చూశారు.

"అట్టులో ఉప్మా పెట్టుకుని తినడం మన తాతల నాటి నుంచీ ఉన్నదే కదండీ" అంది మాణిక్యం, చెమట తుడుచుకుంటూ.

"తాతలకి లైసెన్సు ఉందా?" అన్నారు నాంచారమ్మ గారు.

చైర్మన్ గారు త్రేన్చి తీర్పు చెప్పారు. "ఎవరికీ అన్యాయం జరక్కూడదు. అట్టు మాణిక్యం కొట్లో. ఉప్మా పుల్లేశం హోటల్లో. తినేవాళ్ళు ఇక్కడ అట్టు చేత్తో పట్టుకుని, రోడ్డు దాటి, అక్కడ ఉప్మా పెట్టించుకోవాలి. ఇద్దరి లైసెన్సులూ భద్రం."

అంతే, మర్నాడు చురుకుపాలెం బజారు చూసి తీరాలి. పొగలు కక్కే అట్టు అరచేతుల్లో పెట్టుకుని "అబ్బా, అబ్బా" అని గెంతుతూ జనం రోడ్డు దాటుతున్నారు. బస్సులు ఆగిపోయాయి. డ్రైవర్లు హారను మోగించి మోగించి, ఇక లాభం లేదని దిగి వాళ్ళూ అట్లు పట్టుకుని దాటారు. పుల్లేశం కూరిన ఉప్మా సగం అట్టులో, సగం రోడ్డు మీద. కాకులు బారులు తీరాయి.

"ఆగండాగండి! రోడ్డు మున్సిపాలిటీది. రోడ్డు మీద పడ్డ ఉప్మా మున్సిపాలిటీదే" అన్నారు నాంచారమ్మ గారు. ఇంకేముంది, గవర్రాజుకి గొడుగిచ్చి ఉప్మాకి కాపలా పెట్టారు. వాడు ప్రతి కాకినీ లైసెన్సు అడిగాడు. ఏదీ చూపించలేదు.

ఈ గోలంతా అరుగు మీద కూర్చుని చూస్తూ మాణిక్యం నీరుకారిపోయింది. రేపే శుక్రవారం. గొట్టం అలాగే ఉంది, కొట్టు ముందంతా బురద. "ఈ పెనం బోర్లిస్తే మా వాళ్ళంతా ఏం తింటార్రా దేవుడా" అని కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీదుకుంటుంటే ఆవిడకో ఆలోచన తట్టింది. వీళ్ళకి మన భాష తలకెక్కదు, వాళ్ళ భాషలోనే చెప్పాలి!

నేరుగా ఆఫీసుకి పోయింది. "చైర్మన్ గారూ, మీటరు దాకా మున్సిపాలిటీదే కదండీ?"

"ఇంకా అనుమానమా?"

"అయితే మీటరు అక్కణ్ణించి తీసి, కొట్టు వెనకగోడకి, కుళాయి పక్కన బిగించండి. గొట్టమంతా మీదే అయిపోతుంది. సగం అటూ సగం ఇటూ అన్న పేచీయే ఉండదు."

చైర్మన్ గారి కళ్ళు మెరిశాయి. "ఒసే మాణిక్యం, నీకు ఇక్కడ మెంబరుగా ఉండాల్సినంత తెలివుందే!" అన్నారు. మాణిక్యం ఆ మాటకి కాస్త భయపడింది గానీ, బయటపడలేదు.

ఆ మధ్యాహ్నమే గవర్రాజు మీటరు పీకి వెనకగోడకి బిగించాడు. ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా మున్సిపాలిటీ గొట్టం. మున్సిపాలిటీ గొట్టం కారితే మున్సిపాలిటీ పరువు పోదూ? కొత్త గొట్టం వేశారు, కీళ్ళు బిగించారు, కుళాయికి ఇత్తడి తల కూడా పెట్టారు. తిప్పితే గంగమ్మ దూకినట్టు నీళ్ళు. మాణిక్యం దోసిలి పట్టి మొహం కడుక్కుని, గవర్రాజుకి ఉప్మా లేని అట్టు ఒకటి వేసి పెట్టింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం పొద్దున్న మాణిక్యం పిండిగిన్నె నెత్తిన, పెనం చంకన పెట్టుకుని వచ్చేసరికి కొట్లో జనం ఉన్నారు. చైర్మన్ గారు ఆవిడ పీట మీద కూర్చున్నారు. నాంచారమ్మ గారు డబ్బాల మూతలు తీసి చూస్తున్నారు. మెంబర్లు బల్లల మీద సర్దుకున్నారు, చరచడానికి అనువుగా ఉన్నాయని మురిసిపోతూ. గవర్రాజు గుమ్మం బయట నిలబడ్డాడు.

"అప్పుడే వచ్చేశారా, కుళాయి చూశారా? లైసెన్సు రాసేస్తారా?" అంది మాణిక్యం గుమ్మం బయటినుంచే, ఉత్సాహంగా.

"లైసెన్సు నీకెందుకమ్మా?" అన్నారు చైర్మన్ గారు. "మీటరు దాకా మున్సిపాలిటీది. మీటరు ఎక్కడుంది? వెనకగోడకి. అంటే ఈ అరుగు, ఈ బల్లలు, ఈ పొయ్యి, ఈ చట్నీ జాడీ, అన్నీ మున్సిపాలిటీవే. రాత్రి లెక్కేసుకునేసరికి మాకే ఆశ్చర్యం వేసింది."

మాణిక్యానికి పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

ఇంతలో నాంచారమ్మ గారు గుండెలు బాదుకున్నారు. "అయ్యో చైర్మన్ గారూ! ఈ హోటలు మనదైతే, మనకి హోటలు లైసెన్సు ఉందా?"

చైర్మన్ గారు జేబులన్నీ తడుముకున్నారు. లేదు. మెంబర్లూ తడుముకున్నారు. వాళ్ళకీ లేదు.

"ఎంత ఘోరం!" అన్నారు చైర్మన్ గారు. "లైసెన్సు లేకుండా మున్సిపాలిటీ హోటలు నడుపుతోందా! ఎంతటివాళ్ళయినా సరే వదిలేది లేదు. సీలు వెయ్యండి!"

"సీలు వేసేటప్పుడు లోపలున్నది లోపలే ఉండాలి, బయటున్నది బయటే ఉండాలి. అటుదిటు, ఇటుదటు కదలకూడదు" అని నాంచారమ్మ గారు రూలు చదివారు.

"విన్నారుగా? ఎవరూ కదలకండి" అన్నారు చైర్మన్ గారు. అంతే, గవర్రాజు బయటినుంచి తలుపు దగ్గరికి లాగాడు, తాళం వేశాడు, లక్క కరిగించి దాని మీద పోశాడు, ముద్ర గుద్దాడు. లోపల మున్సిపాలిటీ మున్సిపాలిటీ అంతా ఉండిపోయింది. బయట మాణిక్యం, పెనం, పిండిగిన్నె.

"ఒరే గవర్రాజూ, నా కొట్టురా! నా పొట్ట కొట్టార్రా!" అని మాణిక్యం రోడ్డు మీదే కూలబడింది. గవర్రాజు కూడా పక్కనే కూలబడి ఏడ్చాడు. ఎందుకురా అంటే, "నువ్వు ఏడుస్తున్నావుగా అక్కా, ఒక్కదానివీ ఏడిస్తే బాగుండదని" అన్నాడు.

అలా ఇద్దరూ ఏడుస్తుంటే ఎండ పైకొచ్చింది. ఎండతో పాటు లోపలివాళ్ళకి ఆకలీ వచ్చింది. కిటికీ ఊచల్లోంచి చైర్మన్ గారి ముక్కు బయటికొచ్చింది.

"మాణిక్యం, ఏమనుకోకు గానీ, తలా రెండు అట్లు వేసి ఈ ఊచల్లోంచి అందియ్యమ్మా. కడుపు నకనకలాడుతోంది."

మాణిక్యం ఏడుపు ఆపి ఆ ముక్కు వైపు చూసింది. తర్వాత లేచి కొంగు దులుపుకుంది.

"ఎలా వెయ్యనండీ? లైసెన్సు లేదు. లైసెన్సు లేకుండా అట్టు వేస్తే నేరం కాదూ?"

లోపల గుసగుసలు. "మాట నిజమేనండోయ్" అన్నారు నాంచారమ్మ గారు నీరసంగా.

"అయితే లైసెన్సు ఇచ్చేద్దాం. ఎక్కడ వేస్తావు?"

"కొట్టు మీదైపోయింది కదండీ. ఎదురుగా మీ ఆఫీసు వరండా ఖాళీగా ఉంది. దాని కుళాయి మొదలు నుంచి తుది దాకా మున్సిపాలిటీదే. కారినా మీదే, ఆగినా మీదే. అక్కడికి రాయండి. అట్టుకి, ఉప్మాకి, రెండు కలిపి మడత పెట్టడానికి కూడా."

కడుపు కాలుతున్నవాడు పేచీ పెట్టడు. చైర్మన్ గారు మోకాలి మీదే పెట్టుకుని రాసేశారు. గుండ్రటి ముద్ర ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది, దాన్ని కసిగా గుద్ది ఊచల్లోంచి అందించారు. మెంబర్లు బల్లలు చరిచారు. మాణిక్యం ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని, జాకెట్టులో దోపుకుని, రోడ్డు దాటి ఆఫీసు వరండాలో పొయ్యి పెట్టింది. అబ్బ, ఏం వరండా అది! చల్లగా గాలి, చేతికందే దూరంలో కుళాయి, పైన సిమెంటు కప్పు. పెనం చుయ్యిమనగానే ఆవిడ కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది. పుల్లేశం పక్కనుంచి చూసి పళ్ళు కొరుక్కున్నాడు.

అట్లు గవర్రాజు మోసుకెళ్ళి ఊచల్లోంచి అందించాడు. మాణిక్యం నీళ్ళ చెంబు పట్టుకుని వెనకే వెళ్ళింది. లోపల అందరూ ఆవురావురుమంటూ తింటుంటే ఆవిడకి జాలేసింది. ఎంతయినా ఆడమనసు. ఎన్నాళ్ళని వాళ్ళని అలా ఉంచుతుంది?

"చైర్మన్ గారూ, పెళ్ళాం పిల్లలు ఎదురుచూస్తుంటారు. వెనకవైపు దొడ్డితలుపు తీసే ఉంది. బయటికి వచ్చెయ్యండి బాబూ" అంది.

లోపల సందడయ్యింది. చైర్మన్ గారు ముందు, నాంచారమ్మ గారు వెనక, మెంబర్లు ఆ వెనక, మూతులు తుడుచుకుంటూ దొడ్డితలుపులోంచి బయటికొచ్చారు. సందులోంచి చుట్టూ తిరిగి కొట్టు ముందుకొచ్చారు. అందరూ కలిసి తాళం పట్టుకుని గుంజి చూశారు. లక్క మీద వేలు పెట్టి చూశారు. నాంచారమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని ముద్ర దగ్గర్నుంచి చూశారు.

"సీలు ఏమైనా చెదిరిందా?" అన్నారు చైర్మన్ గారు.

"చెక్కు చెదరలేదండీ. రాయిలా ఉంది."

"అయితే మనం బయటికి రావడం కల్ల" అని చైర్మన్ గారు నిట్టూర్చారు. "పదండి, లోపలికి పోదాం."

మళ్ళీ బారుగా సందులోంచి తిరిగి దొడ్డితలుపులోంచి లోపలికి పోయారు. చివరగా వెళ్ళిన నాంచారమ్మ గారు, ఎవరైనా తప్పించుకుపోతారేమోనని ఆ తలుపుకి లోపలినుంచి గడియ కూడా పెట్టేశారు.